రెండు మతాల ఇళ్ళు, ఒకే పందిరి: మతాంతర పెళ్ళికి అడుగడుగునా తోడుండే మార్గదర్శి

మా నాన్న మా అత్తగారింట్లో గ్లాసెడు మంచినీళ్ళు తాగడానికి ఎనిమిది నెలలు పట్టింది. పెళ్ళికి ముందు ఆరు నెలలు, పెళ్ళయ్యాక రెండు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. మా ఆయనది కడప, ముస్లిం కుటుంబం. పెళ్ళయి పదమూడేళ్ళయింది. ఈలోగా మా ఇంటికి వచ్చి కూర్చుని, టీ చల్లారిపోయేదాకా మాట్లాడిన జంటలు చాలానే ఉన్నాయి. హిందూ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి. ముస్లిం అమ్మాయి, హిందూ అబ్బాయి. ఒకసారి గుంటూరు అమ్మాయి, జర్మనీ అబ్బాయి. అందరూ ముందు అడిగేది చట్టం గురించే. చట్టం ఒక పూటలో చెప్పేయొచ్చు. ఇళ్ళ సంగతికే ఏడాది పడుతుంది. అందుకే ఇక్కడ రెండూ రాస్తున్నాను, ఇళ్ళ సంగతి కాస్త ఎక్కువగా.

ఒక మాట ముందే చెప్పాలి. పెళ్ళి జరిగినంత మాత్రాన రెండు వైపులా ఉన్న చిన్నచూపు పోదు. ఒక్కోసారి పెరుగుతుంది కూడా. గార్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1954లో ఒక విషయం చెప్పాడు. రెండు వర్గాల మనుషులు ఊరికే ఎదురుపడితే దురభిప్రాయాలు తగ్గవు. ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, పోటీ లేకుండా కలిసి పని చేయాలి, పైన ఉన్న పెద్దలో చట్టమో దానికి అండగా నిలబడాలి. ఈ నాలుగూ చదివినప్పుడు నాకు పెళ్ళి పనులే గుర్తొచ్చాయి. సరిగ్గా నడిపితే నాలుగూ ఒకేచోట దొరికే సందర్భం మన సమాజంలో పెళ్ళి తప్ప ఇంకోటి కనబడదు. చిత్రంగా మన ప్రత్యేక వివాహ చట్టం వచ్చిందీ 1954లోనే.

మొదటి అడుగు: ముందు మీ ఇద్దరూ తేల్చుకోండి

ఇంట్లో చెప్పకముందే ఒక నోటుబుక్కు తీసుకుని ఇద్దరూ విడివిడిగా జవాబులు రాయండి. తర్వాత మార్చుకుని చదవండి. ప్రేమలో ఉన్నప్పుడు "అదంతా తర్వాత చూసుకుందాంలే" అనిపిస్తుంది. ఆ తర్వాత అనేది పెళ్ళి పందిట్లో పెద్దల మధ్య గొడవగా బయటికొస్తుంది.

మతం మారడం గురించి: ఎవరైనా మారాలనుకుంటున్నారా? మారమని ఎవరైనా అడిగితే ఏం చెప్తారు? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నమ్మకం వల్ల మారడం వేరు, పెళ్ళి కోసం మారడం వేరు. రెండోది ఒక ఇంటి ఓటమి, ఇంకో ఇంటి గెలుపు అన్నట్టు తయారవుతుంది. అక్కడ సమాన హోదా మొదటి రోజే పోతుంది. దీనికి చట్టపరమైన కోణం కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. ఎస్సీ కుటుంబంలో పుట్టినవాళ్ళు క్రైస్తవంలోకి మారితే ఆ హోదా ఉండదు. మన దగ్గర వాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు. మతం మారకుండా వేరే మతస్థుల్ని పెళ్ళాడితే మాత్రం పుట్టుకతో వచ్చిన కులం మారదు. ఈ తేడా తెలియక తొందరపడి సంతకాలు చేసి, తర్వాత ఉద్యోగ సమయంలో బాధపడిన ఒక జంట నాకు తెలుసు.

పిల్లల గురించి: పేరు, బారసాల, బాప్తిస్మం, సున్తీ, స్కూలు దరఖాస్తులో మతం గడి. ఒక్కో పదం రాసుకుని ఒక్కోదానికి జవాబు రాయండి. పేర్ల విషయంలో మన నేల మనకు సాయం చేస్తుంది. గుంటూరు, నెల్లూరు వైపు మస్తాన్‌రావులు, మస్తానమ్మలు హిందువుల ఇళ్ళలో ఎంతమంది లేరు? నల్గొండ వైపు సైదులు అనే పేరు వినగానే మతం చెప్పగలరా? సమీర్ అనే పేరుకు సంస్కృతంలో గాలి అని అర్థం, అరబ్బీలో రాత్రిపూట కబుర్లు చెప్పే నేస్తం అని. మా అబ్బాయికి ఆ పేరే పెట్టుకున్నాం.

తిండి గురించి: ఇంట్లో ఏం వండుతారు, ఏం వండరు. గొడ్డుమాంసం, పంది మాంసం, హలాల్, శనివారం నియమాలు. సిగ్గుపడకుండా మాట్లాడండి.

చివరి ప్రశ్న ఎవరూ అడగరు. చనిపోయాక దహనమా, ఖననమా? మా ఇద్దరికీ ఈ మాట ఎత్తడానికి రెండేళ్ళు పట్టింది. పెళ్ళికి ముందే మాట్లాడి ఉంటే బాగుండేది. మేం ఎవరి ఇష్టం వాళ్ళు కాగితం మీద రాసి, నమ్మకమైన ఒక బంధువు దగ్గర పెట్టాం.

రెండో అడుగు: ఏ చట్టం కింద పెళ్ళో తేల్చుకోవడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఏదో ఒక గుడిలో దండలు మార్చుకుని, ఫొటోలు తీసుకుని, "హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించేశాం" అంటారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం ఇద్దరూ హిందువులై ఉండాలి (బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా అందులోకే వస్తారు). క్రైస్తవ అబ్బాయి, హిందూ అమ్మాయి గుడిలో తాళి కట్టుకుని ఆ చట్టం కింద రిజిస్టర్ చేయించుకున్న కేసు ఒకటి విశాఖపట్నం నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2008 డిసెంబరులో ఆ పెళ్ళి చెల్లదని కోర్టు తేల్చింది. సర్టిఫికెట్ చేతిలో ఉన్నా లాభం లేకపోయింది.

క్రైస్తవ పద్ధతిలో అయితే 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా ఆ చట్టం కింద పెళ్ళి చేయొచ్చు. అయితే చర్చికి తన నియమాలు ఉంటాయి. క్యాథలిక్ చర్చిలో బాప్తిస్మం లేనివాళ్ళతో పెళ్ళికి బిషప్ నుంచి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పిల్లలకు బాప్తిస్మం ఇప్పించడానికి శక్తికొద్దీ ప్రయత్నిస్తానని క్యాథలిక్ వ్యక్తి మాట ఇవ్వాలి. ఆ పెళ్ళికి ముందో తర్వాతో ఇంకో మతపద్ధతిలో మళ్ళీ పెళ్ళి ప్రమాణం చేయడాన్ని చర్చి ఒప్పుకోదు. మిగతా సంఘాల్లో పాస్టరుగారి నిర్ణయం మీద చాలా ఆధారపడి ఉంటుంది. కొందరు బాప్తిస్మం తీసుకుంటేనే చేస్తామంటారు. ముందే వెళ్ళి అడగండి, కార్డులు అచ్చయ్యాక కాదు.

నిఖా విషయానికొస్తే, ముస్లిం పురుషుడు క్రైస్తవ, యూదు స్త్రీలను చేసుకోవడాన్ని సున్నీ సంప్రదాయం అనుమతిస్తుంది. హిందూ స్త్రీ విషయంలో ఒప్పుకోదు. అందువల్ల ఖాజీగారు సాధారణంగా మతం మారమనే అడుగుతారు.

మతం మారకుండా ఇద్దరూ తమ తమ నమ్మకాలతోనే ఉండాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే దారి. ఆస్తి విషయంలోనూ ఇది మేలు. ముస్లిం వారసత్వ నియమాల్లో ముస్లిం కాని భార్యకు వాటా రాదు. ఈ చట్టం కింద పెళ్ళి చేసుకుంటే 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకపోతే భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలకు. హిందువులకు ఒక హెచ్చరిక. వేరే మతస్థుల్ని ఈ చట్టం కింద చేసుకుంటే అవిభక్త కుటుంబం నుంచి విడిపోయినట్టుగా చట్టం భావిస్తుంది. అంతమాత్రాన తల్లిదండ్రుల ఆస్తికి వారసత్వ హక్కు పోదు. "మీకిక చిల్లిగవ్వ రాదు" అని బెదిరించే బంధువులకు చెప్పడానికైనా ఈ సంగతి గుర్తుంచుకోండి.

మూడో అడుగు: నోటీసు, ఆ ముప్పై రోజులు

అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరికీ బతికున్న భార్యగానీ భర్తగానీ ఉండకూడదు. చట్టం నిషేధించిన దగ్గరి బంధుత్వం ఉండకూడదు. మతిస్థిమితం ఉండాలి. ఇంతే. తల్లిదండ్రుల ఒప్పుకోలు ఆ జాబితాలో లేదు. మేం నోటీసు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఒకరు "మీ నాన్నగారిని తీసుకురామ్మా, అప్పుడు చూద్దాం" అన్నారు. నేను చట్టం ప్రతి తీసి టేబుల్ మీద పెట్టాను. చేతులు వణికాయి, కానీ పని జరిగింది.

ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. మన దగ్గర ఈ పని రిజిస్ట్రేషన్ల శాఖ ఆఫీసుల్లో జరుగుతుంది. మీ దగ్గరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళి, ఈ చట్టం కింద పెళ్ళిళ్ళు అక్కడే చేస్తారా అని ముందు అడగండి. పదో తరగతి మార్కుల మెమో, ఆధార్, చిరునామా రుజువు, ఫొటోలు, పెళ్ళి కాలేదని ప్రమాణపత్రం వెంట పెట్టుకోండి. విడాకులైతే డిక్రీ, జీవిత భాగస్వామి చనిపోయి ఉంటే మరణ ధృవీకరణ పత్రం కావాలి.

నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. ఒకరి శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే అక్కడి ఆఫీసుకూ ఒక ప్రతి వెళ్తుంది. అంటే మీ ఊళ్ళో తెలిసిపోయే అవకాశం ఉందని లెక్కవేసుకోండి. అందుకే ఇంట్లో చెప్పడమనేది నోటీసుకు ముందే జరగాలని నేనంటాను, ప్రాణభయం ఉంటే తప్ప. 30 రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. అయితే పైన చెప్పిన షరతుల్లో ఏదో తప్పిందని మాత్రమే పెట్టాలి. "మతం వేరు" అన్నది అభ్యంతరం కాదు. అభ్యంతరం వస్తే అధికారి 30 రోజుల్లో తేల్చాలి. నిరాకరిస్తే జిల్లా కోర్టుకు వెళ్ళొచ్చు. ఈ నోటీసు అంటించడం తప్పనిసరి కాదని 2021లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది, కానీ మన రెండు రాష్ట్రాల ఆఫీసుల్లో ఆ మాట నమ్ముకుని వెళ్ళకండి.

నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు పెళ్ళి కాకపోతే మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. పెళ్ళి రోజు ముగ్గురు సాక్షులు కావాలి. రెండు ఇళ్ళ నుంచీ ఒక్కొక్కరిని పిలవండి. మా పెళ్ళికి మా మేనమామ, మా ఆయన అక్క, మా ఇద్దరి స్నేహితుడు సంతకాలు చేశారు. పెళ్ళయిన పదేళ్ళ తర్వాత కూడా మా మామయ్య "నేను సాక్షినిరా, నా మాట వినాలి మీరు" అంటాడు. ఒక్క సంతకం మనిషిని మన పక్షానికి తెచ్చేస్తుంది.

నాలుగో అడుగు: ఇంట్లో చెప్పడం

పండగ రోజు చెప్పొద్దు. బంధువులున్నప్పుడు చెప్పొద్దు. ఫోనులో చెప్పొద్దు. ముందుగా ఎవరికి చెప్తే మిగతావాళ్ళు వింటారో ఆలోచించండి. చాలా ఇళ్ళల్లో ఆ మనిషి నాన్న కాదు. మా ఇంట్లో అమ్మమ్మ. వాళ్ళింట్లో మా ఆయన వాళ్ళ నానమ్మ. ఆల్‌పోర్ట్ చెప్పిన పెద్దల అండ అంటే నాకు అర్థమైంది ఇదే.

మా ఆయన వాళ్ళ నానమ్మ సంగతి చెప్పాలి. దేవుని కడపలో లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడి ఉంది. ప్రతి ఉగాదికీ అక్కడికి ముస్లింలు వచ్చి కొబ్బరికాయ కొట్టి వెళ్తారు. బీబీ నాంచారిని తమ ఇంటి ఆడపడుచుగా, వెంకన్నను అల్లుడిగా చూసుకుంటారు. ఇంట్లో అందరూ అరుస్తుంటే ఆ పెద్దావిడ ఒక్క మాట అంది: "వెంకన్న మనింటి అల్లుడైనప్పుడు లేని గొడవ ఈ పిల్ల కోడలైతే ఎందుకొచ్చింది?" ఆ తర్వాత ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

మీ ఊళ్ళోనూ ఇలాంటిదేదో ఉంటుంది. వెతకండి. నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే జనంలో హిందువులెందరో. అక్కడ పెళ్ళి రొట్టె అని ప్రత్యేకంగా ఉంటుంది కూడా. విజయవాడ గుణదల మేరీమాత ఉత్సవాలకు ప్రతి ఫిబ్రవరిలో తలనీలాలిచ్చే హిందువుల్ని చూడండి. తెలంగాణ పల్లెల్లో పీర్లెత్తేది చాలాచోట్ల హిందువులే. మొక్కు దగ్గర లేని గోడ పెళ్ళి దగ్గరికొచ్చేసరికి లేస్తుంది. ఆ మాట కోపంగా కాకుండా, మీ ఇంట్లో ఎవరు ఏ దర్గాకు, ఏ చర్చికి ఏ కష్టంలో వెళ్ళారో గుర్తుచేసి చెప్పండి.

పెద్దవాళ్ళ భయాలన్నింటినీ ద్వేషంగా లెక్కేయకండి. "మా అమ్మాయిని బురఖా వేసుకోమంటారేమో", "మా అబ్బాయి ఇక మసీదుకు రాడేమో", "రేపు మా చెల్లెలి పెళ్ళి ఎలా అవుతుంది?" ఇవి నిజమైన ప్రశ్నలు. నిజమైన జవాబులివ్వండి. మొదటి అడుగులో మీరు రాసుకున్న కాగితం ఇప్పుడే పనికొస్తుంది. మా నాన్నకు నేను ఆ కాగితమే చూపించాను. చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. ఏమీ మాట్లాడలేదు. రెండు వారాల తర్వాత "ఆ అబ్బాయికి తెలుగు చదవడం వచ్చా?" అని అడిగారు. కడప ముస్లింలు ఇంట్లో ఉర్దూ మాట్లాడినా తెలుగు మనకంటే తీయగా మాట్లాడతారని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

ప్రాణభయం ఉన్నచోట ఈ ఓపిక సలహాలన్నీ పక్కన పెట్టండి. 2018లో మిర్యాలగూడలో, 2022లో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో ఏం జరిగిందో మనకు తెలుసు. మొదటిది కులం, రెండోది మతం, రెండుచోట్లా పెళ్ళాడిన అబ్బాయిని చంపించిందో చంపిందో అమ్మాయి తరఫువాళ్ళే. బెదిరింపులు ఉంటే చెప్పకుండానే బయటికి రండి. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకు రక్షణ ఇవ్వాలని, జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు, తలదాచుకునే ఇళ్ళు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. జిల్లా ఎస్పీకి లేదా కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. హైకోర్టులో రక్షణ కోసం రిట్ వేయొచ్చు. 112 అత్యవసర నంబరు, 181 మహిళల హెల్ప్‌లైన్, 15100 ఉచిత న్యాయసహాయం. ఈ మూడూ ఫోనులో కాదు, కాగితం మీద రాసుకోండి. ఫోను ముందుగా లాక్కుంటారు. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, గుజరాత్‌లలో పెళ్ళితో ముడిపడ్డ మతమార్పిడి చట్టాలున్నాయి. మీ ఉద్యోగమో చిరునామానో అక్కడ ఉంటే ముందు వకీలును కలవండి.

ఐదో అడుగు: రెండు ఇళ్ళకూ కలిపి పని పెట్టడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన అడుగు ఇది. ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. పెద్దల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి "మాట్లాడుకోండి" అంటే మాట్లాడరు. తలలు వంచుకుని బిస్కెట్లు చూస్తూ కూర్చుంటారు. మా మొదటి కలయిక అలాగే తగలడింది. మా అమ్మ స్టీలు గ్లాసుల బదులు కాగితం గ్లాసుల్లో టీ ఇచ్చింది. మా అత్తమ్మ అది గమనించింది, ఏమీ అనలేదు. మేం నలుగురం హాల్లో చచ్చిపోయినంత పనైంది.

రెండోసారి పద్ధతి మార్చాం. మా అమ్మనూ అత్తమ్మనూ చీరలు కొనడానికి కలిపి పంపించాం, మేం లేకుండా. ఇద్దరికీ బేరం ఆడటం వచ్చు. నాలుగు గంటలు తిరిగారు. సాయంత్రం వచ్చేసరికి ఇద్దరూ ఒకే షాపువాణ్ణి తిడుతున్నారు. ఆ రోజు అత్తమ్మకు స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చింది మా అమ్మ, తనకు తెలియకుండానే. ఇలాంటి పనులు పంచండి. వంటవాళ్ళను చూసే పని ఆ ఇంటి మామకూ ఈ ఇంటి బాబాయికీ కలిపి అప్పగించండి. పందిరి, బస్సులు, వీడియో, పువ్వులు, ఏదైనా సరే. రూలు ఒకటే: ప్రతి పనికీ రెండు ఇళ్ళ నుంచీ ఒక్కొక్కరు. ఖర్చు కూడా సగం సగం. ఆడపిల్లవాళ్ళే భరించాలన్న పాత పద్ధతి పెట్టుకుంటే సమానత్వం మాటల్లోనే మిగులుతుంది.

తేదీ పెట్టేటప్పుడు మూడు క్యాలెండర్లు ముందు పెట్టుకోండి. ఆషాఢం, శూన్యమాసాలు, మూఢాలు హిందువులకు. రంజాన్, మొహర్రం ముస్లింలకు. ఈస్టర్ ముందు శ్రమకాలం క్రైస్తవులకు. ఒకరి నిషేధం మీద ఇంకొకరి పెళ్ళి పెట్టి తర్వాత "ఛాదస్తం" అని తిట్టుకోవద్దు.

భోజనాల సంగతి. మాంసం హలాల్ అయితే ముస్లింలు తినగలరు, మిగతావాళ్ళలో ఎక్కువమందికి ఇబ్బంది ఉండదు. శాకాహారం వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో, వేరే గరిటెలతో. ఈ సంగతి పందిట్లో మైకులో చెప్పించక్కర్లేదు, రెండు వైపులా ఇద్దరు పెద్దల్ని వంటశాలకు తీసుకెళ్ళి చూపిస్తే చాలు. వాళ్ళే అందరికీ చెప్తారు. పంది, గొడ్డు మాంసం రెండూ వద్దు. బఫే కంటే బంతి భోజనం మంచిది, ఎందుకంటే బఫేలో ఎవరి మూల వాళ్ళు చూసుకుంటారు. బంతిలో పక్కపక్కన కూర్చోక తప్పదు. వడ్డించేవాళ్ళు రెండు ఇళ్ళ కుర్రాళ్ళూ కావాలి. మా నాన్న గోంగూర పచ్చడి వడ్డిస్తూ మా మామగారి విస్తరి దగ్గర ఆగి "ఇంకొంచెం వేయించుకోండి బావగారూ" అన్నారు. ఆ పిలుపు అప్పుడే మొదలైంది.

ఆరో అడుగు: తంతు ఎలా ఉండాలి

ప్రత్యేక వివాహ చట్టం ఒక అందమైన వెసులుబాటు ఇచ్చింది. పెళ్ళి ఏ పద్ధతిలోనైనా చేసుకోవచ్చు, ఆఫీసులోనే జరగాలని లేదు. అదనపు రుసుము కడితే సమంజసమైన దూరంలో ఉన్న మీ పందిరికే అధికారి రావచ్చు. తప్పనిసరిగా కావాల్సింది ఒక్కటే. అధికారి, ముగ్గురు సాక్షుల ముందు, మీకు అర్థమయ్యే భాషలో, "నేను ఫలానా, నిన్ను చట్టబద్ధమైన భార్యగా స్వీకరిస్తున్నాను" అని అబ్బాయి, "భర్తగా" అని అమ్మాయి ఒకరికొకరు చెప్పుకోవాలి. తెలుగులో చెప్పండి. గట్టిగా చెప్పండి. మైకు పెట్టించండి. నేను ఆ వాక్యం చెప్పినప్పుడు అప్పటిదాకా వెనక నిలబడ్డ మా అన్నయ్య ముందుకొచ్చాడు.

ఈ ప్రమాణం చుట్టూ ఏ ఆచారాలు పెట్టుకోవాలి? అన్నీ కలపాలని చూడొద్దు. ఖాజీగారు, పాస్టరుగారు, పురోహితుడు ముగ్గురూ ఒకే వేదిక మీద ఫొటోకి బాగుంటారు, కానీ ఏ ఒక్కరికీ అది తమ పెళ్ళిలా అనిపించదు. నమ్మకానికి సంబంధించిన ప్రార్థనలు ఎవరి ఇంట్లో వాళ్ళు ముందు రోజు చేసుకుంటే గౌరవంగా ఉంటుంది. పందిట్లో మాత్రం రెండు ఇళ్ళవాళ్ళకూ ఇప్పటికే పరిచయమున్నవి తీసుకోండి. పసుపు ఉంది కదా, హైదరాబాద్ ముస్లింల మంజే కూడా పసుపే. మెహందీ అందరిదీ. తలంబ్రాలకు మతం అడిగినవాళ్ళను నేను చూడలేదు. అన్నిటికంటే నల్లపూసలు. మనం కట్టుకునే నల్లపూసల గొలుసుకు హైదరాబాదీ ముస్లిం ఆడవాళ్ళ కాలీ పోత్ లచ్ఛా అక్కచెల్లెలు. మా అత్తమ్మ లచ్ఛా తెచ్చి నా మెడలో వేస్తుంటే మా అమ్మమ్మ "ఇది మన నల్లపూసలేగా" అంది.

రంగుల దగ్గర జాగ్రత్త. తెలుగు క్రైస్తవ పెళ్ళికూతురు తెల్ల చీర కడుతుంది. హిందూ పెద్దావిడలకు ఆ తెలుపు చూస్తే గుండె గుభేలంటుంది. ఒక ఇంట్లో దీనిమీదే పెళ్ళి ఆగేలా ఉంటే నేను మధుపర్కాలు గుర్తుచేశాను. మన పెళ్ళికూతురు కట్టే మధుపర్కమూ తెలుపే, అంచు మాత్రం రంగు. చివరికి జరీ అంచున్న తెల్ల పట్టు చీర ఖాయమైంది. బొట్టు విషయంలో పెట్టమనీ తీయమనీ ఎవరూ ఎవర్నీ అడగకూడదు. నాదీ అదే షరతు. శుభలేఖ తెలుగులో వేయించండి, రెండు ఇళ్ళ పెద్దల పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో.

మన దగ్గర ఇదేమీ కొత్త దారి కాదు. నాస్తికుడైన గోరా తన కూతురు మనోరమను ఒక దళిత యువకుడికి ఇచ్చి పెళ్ళి చేయాలనుకున్నప్పుడు, ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపిస్తానని గాంధీ మాటిచ్చారు. ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం అని మార్చడానికీ ఒప్పుకున్నారు. గాంధీ హత్య జరిగిన ఆరు వారాలకు, 1948 మార్చిలో, ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లోనే జరిగింది. అంత నమ్మకమున్న మనిషి అంత నాస్తికుడి కోసం ఒక పదం మార్చుకున్నారు. 1960లో గోరా కొడుకు లవణం మహాకవి జాషువా కూతురు హేమలతను చేసుకున్నారు. ఆ జాషువా తల్లిదండ్రులదే కులాంతర వివాహం. మీ ప్రమాణంలో ఏ పదం ఎవరికి అడ్డొస్తుందో చూసి, మార్చండి.

ఏడో అడుగు: విదేశాల్లో ఉంటే, విదేశీయుల్ని చేసుకుంటే

కొద్దిగానే చెప్తాను. విదేశీ భాగస్వామితో ఇక్కడ పెళ్ళి ప్రత్యేక వివాహ చట్టం కిందే చేసుకోవచ్చు. 30 రోజుల నివాసం మీలో ఒకరికి ఉంటే చాలు. వాళ్ళ పాస్‌పోర్టు, వీసాలతో పాటు పెళ్ళి కాలేదని వాళ్ళ దేశం ఇచ్చే పత్రం సిద్ధం చేసుకోండి. అది రావడానికే ఎక్కువ రోజులు పడుతుంది. విదేశంలో భారత కాన్సులేట్ ద్వారా చేసుకోవాలంటే 1969 నాటి విదేశీ వివాహ చట్టం ఉంది. భర్త లేదా భార్య హోదాతో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులు ఇక్కడికి వీసా లేకుండా వచ్చి ఉండేందుకు మన ప్రభుత్వం ఇచ్చేది) కావాలంటే పెళ్ళి రిజిస్టరై, దరఖాస్తుకు ముందు రెండేళ్ళు నిండాలి. అక్కడి బంధువులకు పెళ్ళి తంతు అర్థమయ్యేలా ఒక పేజీ రాసి ఇవ్వండి. జీలకర్ర బెల్లం ఎందుకు పెడతారో తెలియక అందరూ చూస్తూ కూర్చోవడం కంటే, తెలిసి చూడటం బాగుంటుంది.

ఎనిమిదో అడుగు: మొదటి ఏడాది

పెళ్ళి సర్టిఫికెట్ రెండు మూడు ప్రతులు తీసుకుని, ఒకటి పుట్టింట్లో ఒకటి అత్తింట్లో పెట్టండి. ఇంటిపేరు మార్చడం చట్టం అడగదు.

మొదటి ఏడాది ప్రతి పండగకూ రెండు ఇళ్ళూ కలిసేలా చూడండి, అరగంటైనా సరే. సంక్రాంతి, రంజాన్, దసరా, బక్రీద్, క్రిస్మస్, మీకు వర్తించేవన్నీ. పండగకు వెళ్ళినప్పుడు కూర్చోకండి, వంటింట్లోకి వెళ్ళండి. షీర్ ఖుర్మాకు సేమ్యా వేయించడం నేను అత్తమ్మ దగ్గరే నేర్చుకున్నాను. మా ఆయన మా అమ్మ దగ్గర అరిసెల పాకం పట్టడం నేర్చుకున్నాడు, ఇప్పటికీ ముదిరిపోతుంది. మీ భాగస్వామిని మీ బంధువుల ముందు మీరు, మిమ్మల్ని వాళ్ళ బంధువుల ముందు వాళ్ళు వెనకేసుకు రావాలి. మీ అమ్మ ఏదైనా అంటే ఆపాల్సింది మీరే, అటువైపు మనిషి కాదు. ఎవరైనా ఒక మతం గురించి నోరు జారితే అక్కడికక్కడే, నెమ్మదిగా, "అత్తా, అది మా ఇంటి గురించి అన్నట్టు" అని చెప్పండి. ఊరుకుంటే అదే అలవాటవుతుంది.

రాని బంధువులు కొందరుంటారు. పట్టుబట్టి తీసుకురాకండి, పూర్తిగా వదలకండి. మా పెదనాన్న మా పెళ్ళికి రాలేదు, మా ఇంటి గడప ఇప్పటికీ తొక్కలేదు. ప్రతి సంక్రాంతికీ స్టీలు డబ్బాలో అరిసెలు పంపిస్తాను, ప్రతి రంజాన్‌కూ అదే డబ్బాలో షీర్ ఖుర్మా. మనవైపు ఎవరింటి నుంచి వచ్చిన గిన్నెనైనా ఖాళీగా తిప్పి పంపరు, కనీసం చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. పన్నెండేళ్ళు ఆ డబ్బా కడిగి, తుడిచి, ఖాళీగానే వచ్చింది. పోయిన రంజాన్‌కు వచ్చిన డబ్బా బరువుగా ఉంది. మూత తీస్తే ఆయన తోటలోని నిమ్మకాయలు, పదకొండు.